చవక సరుకు, సరిహద్దు దాటిన కొలువు: అపోహలు – వాస్తవాలు

పండగ సీజన్ వస్తే చాలు, విదేశీ సరుకు కొనొద్దు, మన డబ్బు బయటికి పోనివ్వొద్దు అనే సందేశాలు ఫోన్లలో తిరుగుతాయి. అమెరికాలో ఎన్నికలొస్తే అక్కడ ఇంకో మాట వినిపిస్తుంది: మన ఉద్యోగాలు ఇండియాకు పోనివ్వొద్దు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే భయం. తెలుగువాళ్లం ఈ వాదనలో రెండు వైపులా ఉన్నాం. మన వంటింట్లో కాగేది ఇండోనేసియా నుంచి వచ్చిన నూనె. మాదాపూర్ ఆఫీసుల్లో నడిచేది అమెరికా కంపెనీల పని. భీమవరం చెరువుల్లో పెరిగిన రొయ్య చేరేది అమెరికా మార్కెట్టుకు. కాబట్టి నినాదాలను పక్కనపెట్టి నిజాలు తెలుసుకోవాల్సిన అవసరం మనకే ఎక్కువ.

అపోహ: బార్‌కోడ్ 890తో మొదలైతే అది మన దేశంలో తయారైన వస్తువు.

కాదు. ఆ అంకెలు చెప్పేది ఆ కంపెనీ బార్‌కోడ్ నంబరును ఏ దేశపు సంస్థ దగ్గర తీసుకుందన్నది మాత్రమే. 890 అంటే మన దేశపు సంస్థ జీఎస్1 ఇండియా ఇచ్చిన నంబరు. వస్తువును చైనాలో చేయించి, ఇక్కడ నమోదైన కంపెనీ తన పేరుతో అమ్మితే దాని మీదా 890 ఉండొచ్చు. చూడాల్సింది ప్యాకెట్ వెనక ఉండే చిన్న అక్షరాలు: తయారీదారు ఎవరు, దిగుమతిదారు ఎవరు, కంట్రీ ఆఫ్ ఆరిజిన్ ఏది. దిగుమతి చేసుకున్న ప్యాకెట్ మీద ఈ వివరాలు ముద్రించి తీరాలని తూనికలు, కొలతల చట్టం కింద వచ్చిన 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

పేరును బట్టి దేశాన్ని పోల్చుకోవడమూ అంతే తప్పు. హిందుస్థాన్ యూనిలీవర్ పేరులో హిందుస్థాన్ ఉన్నా మాతృసంస్థ బ్రిటన్‌ది. బాటా పుట్టింది నేటి చెక్ దేశంలోని జ్లిన్ పట్టణంలో. జాగ్వార్ కారు 2008 నుంచి టాటాలది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో మొదలైన కియా ఫ్యాక్టరీ కొరియా కంపెనీదే, కానీ ఆ కార్లు తయారవుతున్నది రాయలసీమ నేల మీద. లాభం కొరియాకు పోతుంది, జీతాలు, పన్నులు, విడిభాగాలు చేసే చిన్న కంపెనీల ఆదాయం ఇక్కడ ఉంటాయి. నన్నడిగితే యజమాని ఏ దేశంవాడన్నదానికన్నా పని ఎక్కడ జరుగుతోందన్నదే ముఖ్యం.

అపోహ: మేడిన్ చైనా అని ఉంటే మనమిచ్చిన డబ్బంతా చైనాకే పోతుంది.

ఐఫోన్ 3జీని విడదీసి లెక్కగట్టిన పరిశోధకులిద్దరు 2010లో ఒక సంగతి బయటపెట్టారు. 2009లో ఆ ఫోను తయారీ ఖర్చు దాదాపు 179 డాలర్లు. దాన్ని బిగించి, పెట్టెలో పెట్టి పంపినందుకు చైనాకు దక్కింది 6.50 డాలర్లు. మిగతాది విడిభాగాలు చేసిన జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా తదితర దేశాల కంపెనీలకు పోయింది. కస్టమ్స్ లెక్కలో మాత్రం ఆ 179 డాలర్లూ చైనా ఎగుమతే. తర్వాతి కాలంలో చైనా తన వాటాను బాగా పెంచుకుంది, విడిభాగాలూ తానే చేయడం నేర్చింది. ఇవాళ మన దేశంలో ఫోన్లు బిగిస్తున్నామని సంతోషించేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. బిగింపు మొదటి మెట్టు మాత్రమే. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లోనో కొంగరకలాన్ ఫ్యాక్టరీలోనో ఎన్ని యూనిట్లు తయారయ్యాయన్నది ఒక్కటే చాలదు, ఒక్కో యూనిట్‌లో మనం చేసిన భాగమెంత అని అడగాలి.

అపోహ: చవకగా వస్తే అందరికీ లాభమే, దిగుమతితో నష్టపోయేవాళ్లు ఉండరు.

వంటనూనె కథ చూడండి. 1986లో నూనెగింజల కోసం కేంద్రం ఒక టెక్నాలజీ మిషన్ పెట్టింది. విత్తనం, మద్దతు ధర, దిగుమతులపై అదుపు కలిసి రావడంతో 1990ల తొలినాళ్లకు మనకు కావాల్సిన నూనెలో దాదాపు అంతా ఇక్కడే పండింది. 1994లో పామోలిన్ దిగుమతికి అందరికీ అనుమతిచ్చారు. అప్పుడు సుంకం 65 శాతం. నాలుగేళ్లు తిరిగేసరికి, 1998కి, దాన్ని 15 శాతానికి దించారు. ఇవాళ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఇండోనేసియా, మలేసియాల నుంచి వస్తోంది, సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి.

దీనివల్ల లాభపడినవాళ్లు కోట్లలో ఉన్నారు. రేషన్ షాపులో దొరికిన పామోలిన్ ప్యాకెట్‌తోనే ఎన్నో పేద ఇళ్లలో కూర తాళింపు పడింది. పల్లీ నూనె కొనలేని కుటుంబానికి ఇది చిన్న మేలు కాదు. ఇంకోవైపు అనంతపురం రైతు ఉన్నాడు. లక్షల ఎకరాల్లో వేరుశెనగ తప్ప ఇంకోటి ఎరగని జిల్లా అది. కరువు, తెగుళ్లు, కూలి ఖర్చు అన్నీ ఆ పంటను కుంగదీశాయి, నిజమే. అయితే పంట చేతికొచ్చిన ఏడాది కూడా ధర పెరగకుండా పైన అడ్డుగోడలా నిలిచింది చవక దిగుమతి నూనె. కొనుగోలుదారుకు లీటరుకు కొన్ని రూపాయలు మిగిలితే, రైతుకు మొత్తం సేద్యమే గిట్టుబాటు కాకుండా పోయింది. లాభం కోట్లమందికి కొంచెం కొంచెంగా పంచుకుపోవడం, నష్టం కొన్ని ఊళ్ల మీద మొత్తంగా పడడం విదేశీ సరుకు విషయంలో ఎక్కడైనా కనిపించే తీరే. సుంకం తగ్గించడం తప్పని నేననను. రైతుకు ఇంకో పంటో, ఇంకో ఆదాయమో చూపకుండా నాలుగేళ్లలో అంత దించడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

మనం దేని మీద ఆధారపడ్డామో 2022లో తెలిసొచ్చింది. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ ఆగింది. ఏప్రిల్ 28న ఇండోనేసియా తన ప్రజలకే నూనె చాలడం లేదని పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మే 23న తిరిగి తెరిచేదాకా మన కిరాణా కొట్లలో ధర చూసి జనం బెంబేలెత్తారు.

దాని వెనకటి ఏడాదే, 2021 ఆగస్టులో, కేంద్రం రూ.11,040 కోట్లతో పామాయిల్ మిషన్ ప్రకటించింది. ఈ సాగులో మన రెండు రాష్ట్రాలే ముందున్నాయి. పామాయిల్ పరిశోధన సంస్థ ఉన్నది ఏలూరు పక్కనే పెదవేగిలో. అశ్వారావుపేట రైతునడగండి, టన్ను గెలల ధర ఎక్కడ తేలుతుందో చెబుతాడు: అంతర్జాతీయ మార్కెట్లో, ఢిల్లీలో. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్‌పై మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. గెలల ధర పెరిగింది, రైతు ఊపిరి పీల్చుకున్నాడు. వంటింట్లో నూనె ధరా పెరిగింది. 2025 మే చివర్లో మళ్లీ 16.5 శాతానికి దించారు. గెలలు కోతకు రావాలంటే మొక్క నాటాక మూడు నాలుగేళ్లు పడుతుంది. ఏడాది తిరక్కుండానే మారే సుంకాన్ని నమ్మి పాతికేళ్ల తోట వేయమంటే రైతు ఎలా వేస్తాడు?

అపోహ: సుంకం వేస్తే కట్టేది విదేశీయుడు.

ఓడరేవులో సుంకం కట్టేది దిగుమతి చేసుకునే కంపెనీ. ఆ భారం చివరికి ఎవరి మీద పడుతుందన్నది బేరాన్ని బట్టి ఉంటుంది. 2018లో అమెరికా విదేశీ వాషింగ్ మెషీన్లపై సుంకం వేస్తే వాటి ధర దాదాపు 12 శాతం పెరిగింది. సుంకమే లేని డ్రయ్యర్ల ధరను కూడా కంపెనీలు జతగా పెంచేశాయి. ఆ సుంకంతో సుమారు 1,800 కొత్త ఉద్యోగాలు వచ్చాయనీ, ఒక్కో ఉద్యోగానికి అక్కడి వినియోగదారులు ఏడాదికి 8 లక్షల డాలర్లకు పైగా చెల్లించారనీ ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు.

రొయ్యల సంగతి వేరు. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు అక్కడి కొనుగోలుదారుకు ఇంకో దారి దొరికింది: తక్కువ సుంకం పడే ఈక్వెడార్ రొయ్య. అందుకే భారంలో పెద్ద వాటా ఇటు తిరిగింది. మన వ్యాపారులు కౌంట్ ధరలు తగ్గించారు, గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు సీడు వేయాలా వద్దా అని ఆగిపోయారు. ఇదే రొయ్యలో ఇంకో పాఠం ఉంది. ఆ చెరువుల్లో పెంచే వనామీ రొయ్య మన జాతి కాదు. 2009లో అనుమతించారు. హేచరీలకు తల్లి రొయ్యలు ప్రధానంగా అమెరికా నుంచే విమానంలో వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ దాటి సముద్రతీరపు హేచరీలకు చేరతాయి. దిగుమతి అనేదే వద్దనుకుని ఉంటే ఈ ఎగుమతే లేదు.

అపోహ: ఔట్‌సోర్సింగ్ వల్ల అమెరికాలో ఎవరికీ నష్టం జరగలేదు, అదంతా రాజకీయం.

హైదరాబాద్‌లో ఈ మాట తరచూ వింటాం. మనకు లాభం కాబట్టి అలా అనుకోవాలనిపిస్తుంది. కానీ అంకెలు చూడండి. 2000లో అమెరికా ఫ్యాక్టరీల్లో సుమారు 1.73 కోట్ల మంది పనిచేసేవారు. 2010కి ఆ సంఖ్య 1.15 కోట్లు. యంత్రాలు, 2008 మాంద్యం కారణాలే, కానీ అవి మాత్రమే కాదు. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ తదితరుల అధ్యయనాల ప్రకారం 1999–2011 మధ్య చైనా దిగుమతుల పోటీ వల్ల 20 నుంచి 24 లక్షల అమెరికన్ ఉద్యోగాలు పోయాయి. పని పోయినవాళ్లు ఇంకో ఊరికి వెళ్లి ఇంకో పని వెతుక్కుంటారని అంతకుముందు ఆర్థికవేత్తలు నమ్మేవారు. కానీ ఫర్నిచర్ చేసే, బట్టలు నేసే పట్టణాల్లో చాలామంది కదల్లేదు. ఇల్లు, ముసలి తల్లిదండ్రులు, చేతికొచ్చిన ఒకే ఒక్క పని పట్టి ఉంచాయి. మన అనంతపురం రైతు కష్టాన్ని అర్థం చేసుకున్నవాళ్లకు వాళ్ల కోపమూ అర్థం కావాలి.

సాఫ్ట్‌వేర్ కొలువుల కథ దీనికి భిన్నం. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టింది. 2000 సంవత్సరపు తేదీ మార్పుతో కంప్యూటర్లకు ఎదురైన వై2కే సమస్య మన కుర్రాళ్లకు తలుపు తీసింది. 2022–23 నాటికి తెలంగాణ ఐటీ రంగంలో 9 లక్షలకు పైగా ఉద్యోగాలు, రూ.2.41 లక్షల కోట్ల ఎగుమతులు. అదే కాలంలో అమెరికాలో సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సంఖ్య కూడా పెరిగింది. పోయినవి ఎక్కువగా డేటా ఎంట్రీ, కాల్‌సెంటర్, పాత వ్యవస్థల నిర్వహణ లాంటి పనులు.

అపోహ: ఒకసారి మనకొచ్చిన కొలువు ఎక్కడికీ పోదు.

ఖర్చు తక్కువని వచ్చిన పని, ఇంకాస్త తక్కువైన చోటు దొరికితే వెళ్తుంది. ఫోన్లో మాట్లాడే కాల్‌సెంటర్ పనిలో 2010 ప్రాంతంలోనే ఫిలిప్పీన్స్ మనల్ని దాటింది. ఇప్పుడు పోటీ దేశాలతోనే కాదు, కృత్రిమ మేధతో కూడా. విదేశాలకు ఔట్‌సోర్సింగ్ కింద చేసే చెల్లింపులపై 25 శాతం పన్ను వేయాలంటూ 2025 సెప్టెంబరులో అమెరికా సెనేట్‌లో ఒక బిల్లు పెట్టారు. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి అదే పని ఇరవయ్యేళ్లు చేయొచ్చనుకుంటున్న పిల్లలకు ఈ సంగతి ఇప్పుడే చెప్పడం పెద్దల బాధ్యత.

అపోహ: చేనేతను చంపుతున్నది విదేశీ బట్ట.

పోచంపల్లి ఇక్కత్ నమూనాను పవర్‌లూమ్ బట్ట మీద ప్రింటు కొట్టి సగం కన్నా తక్కువ ధరకు అమ్మేవాళ్లు ఎక్కువగా మన దేశంవాళ్లే. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది, అమలు సరిగా లేదు. అదీగాక మన మగ్గాల మీద ఎక్కే పట్టులో కొంత చైనా నూలే.

అపోహ: అన్నీ మనమే చేసుకోవాలి, లేదా ఏదీ చేసుకోనక్కర్లేదు.

ఈ రెండింటికీ జవాబు మందుల పరిశ్రమలో ఉంది. 1950లలోనే పింప్రిలోని హిందుస్థాన్ యాంటీబయాటిక్స్‌లో పెన్సిలిన్ చేశాం. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు హైదరాబాద్‌ను మందుల రాజధాని చేశారు. తర్వాత చైనా పెన్సిలిన్-జి చవకగా రావడంతో మన ఫ్యాక్టరీలు దాన్ని వదిలేశాయి. అమాక్సిసిలిన్ గోలీకి మూలం అదే. ప్రపంచానికి మందులమ్మే దేశం తన ముడిమందుల దిగుమతుల్లో సుమారు 70 శాతానికి చైనా మీద ఆధారపడింది. 2020లో కరోనా వచ్చాక గానీ కేంద్రం రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తేలేదు. దాని కింద అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర పెట్టిన పెన్సిలిన్-జి ప్లాంటు 2024లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇలాంటివాటిని ఖర్చు ఎక్కువైనా నిలబెట్టుకోవాలి. బొమ్మలు, దీపాల దండలు అలా కావు.

కాబట్టి పండగ సందేశం ఫార్వర్డ్ చేసేముందు ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవండి. ఓటు అడగడానికి వచ్చిన నాయకుడు సుంకం పెంచుతామన్నా, తగ్గిస్తామన్నా మూడు ప్రశ్నలు వేయండి: భారం ఎవరిది, ఎన్నేళ్లు, నష్టపోయే ఊరికి మీరిచ్చేదేమిటి? మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ విధానాన్ని ఒప్పుకోకండి.