బ్యాంకు మారితే అప్పు తగ్గుతుందా?

నోటు తిరగరాయడమంటే ఏమిటో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళు నిండవస్తుంటే, వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తారు. కాగితం కొత్తదే గాని అప్పు పాతదే, పైగా ఇంకాస్త లావెక్కుతుంది. ఇంటి అప్పును ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకోవడం గురించి చెప్పేటప్పుడు ముందుగా ఈ సంగతి గుర్తు చేసుకుంటే మంచిది.

"మా బ్యాంకుకు రండమ్మా, వడ్డీ తగ్గిస్తాం, ఫీజు మాఫీ చేస్తాం, కొంత సొమ్ము వెనక్కి కూడా ఇస్తాం" అని ఫోన్లు వస్తుంటాయి. ఈ వెనక్కి ఇవ్వడాన్నే క్యాష్‌బ్యాక్ అంటారు. ఇచ్చేదాన్ని వద్దనడమెందుకు అనిపిస్తుంది. కాని తనఖాలో ఉన్నది మన ఇల్లు. చాలా ఇళ్ళలో ఆ కాగితాల మీద మగవారి సంతకం పక్కన మన సంతకం కూడా ఉంటుంది. అందుచేత లెక్క మనకూ తెలియాలి.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఇరవై లక్షల అప్పు, ఏడాదికి నూటికి 9 వడ్డీ, ఇరవై ఏళ్ళ గడువు. మన పల్లె లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి ముప్పావలా వడ్డీ. నెల వాయిదా రూ. 17,995. మొదటి నెల వాయిదాలో పదిహేను వేలు వడ్డీకే పోతాయి, అసలుకు చేరేది మూడు వేలకు లోపే. అయిదేళ్ళలో మీరు దాదాపు రూ. 10,80,000 కడితే, అసలు తగ్గేది రెండు లక్షల పాతిక వేల పైచిలుకు. ఇంకా రూ. 17,74,000 బాకీ ఉంటుంది.

ఇప్పుడు మరో బ్యాంకు ఎనిమిదింపావుకు ఇస్తానంది. అంటే నూటికి నెలకు ఆరు పైసల తేడా. మిగిలిన పదిహేనేళ్ళ గడువే ఉంచితే వాయిదా రూ. 17,212 అవుతుంది. నెలకు సుమారు రూ. 780 మిగులుతుంది. పదిహేనేళ్ళకు లక్షా నలభై వేలు. బాగానే ఉంది కదూ?

అయితే, "మళ్ళీ ఇరవై ఏళ్ళు పెట్టుకోండి, వాయిదా ఇంకా తగ్గుతుంది" అంటారు. నిజమే, రూ. 15,117కి తగ్గుతుంది. కాని మొత్తం కట్టేది చూడండి. పాత బ్యాంకులోనే ఉంటే ఇక కట్టవలసింది రూ. 32,39,000. కొత్త బ్యాంకులో ఇరవై ఏళ్ళకు కట్టేది రూ. 36,28,000. వడ్డీ తగ్గింది, వాయిదా తగ్గింది, అయినా దాదాపు రూ. 3,89,000 ఎక్కువ కడుతున్నాం! అయిదో పదో వేలు చేతిలో పెట్టినంత మాత్రాన ఈ గుంట పూడదు. రెండు మూడేళ్ళకోసారి బ్యాంకు మారుస్తూ, మారినప్పుడల్లా గడువు మొదటికి తెచ్చుకుంటే, మనం తిరగరాసిన నోటు కథే అవుతుంది.

క్యాష్‌బ్యాక్ అన్నిచోట్లా ఒక తీరుగా ఉండదు. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడిన మన పిల్లలకు 2022 ప్రాంతంలో అక్కడి బ్యాంకులు, అప్పు తమ దగ్గరకు మార్చుకుంటే రెండు వేలు మొదలు నాలుగు వేల డాలర్ల దాకా ఇచ్చేవి. కొందరు వరసగా బ్యాంకులు మార్చారు కూడా. 2023 జూన్ నుంచి కామన్వెల్త్ బ్యాంకు వంటి పెద్దవి ఆ బహుమానం మానుకున్నాయి. మన దేశంలో 2017లో యాక్సిస్ బ్యాంకు ప్రకటించిన పథకం దీనికి ఎదురుగా ఉండేది. పన్నెండు వాయిదాలు మాఫీయే, కాని నాలుగో ఏట, ఎనిమిదో ఏట, పన్నెండో ఏట నాలుగేసి చొప్పున. అంటే ఆ మేలు నిలకడగా ఉన్నవారికే గాని, బ్యాంకులు మారేవారికి కాదు. కనుక "ఎంత ఇస్తారు?" అని అడగడంతో సరిపెట్టక, "ఎప్పుడు ఇస్తారు?" అని కూడా అడగండి.

మారడానికి ఖర్చులూ ఉన్నాయి. ప్రాసెసింగు ఫీజు, వకీలు అభిప్రాయం, ఇంటి విలువ కట్టడం, తనఖా పత్రానికి మళ్ళీ స్టాంపులు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు రుసుము. ఇన్సూరెన్సు ప్రీమియం అప్పులో కలిపారేమో కూడా చూసుకోవాలి. ఇవన్నీ ఒక కాగితం మీద కూడి, క్యాష్‌బ్యాక్ తీసివేసి, మిగిలినదాన్ని నెల మిగులుతో భాగించండి. ఖర్చు ముప్పై వేలు, మిగులు రూ. 780 అయితే, ముప్పై ఎనిమిది నెలలకు గాని ఖర్చు రాదు. ఆలోగా ఇంకో బ్యాంకుకు మారితే నష్టమే.

చట్టం మనకిచ్చిన వసతులు కూడా తెలుసుకుందాం. మారే వడ్డీ మీద ఉన్న ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు జుర్మానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే అటువంటి అప్పుల వడ్డీ రెపో రేటు వంటి బయటి కొలతకు ముడిపడి ఉంటుంది. 2025లో ఫిబ్రవరి మొదలు జూన్ లోపల రెపో రేటు ఆరున్నర నుంచి అయిదున్నరకు దిగింది. మీ అప్పు పాత పద్ధతిలోదైతే వడ్డీ అంత త్వరగా దిగదు. అటువంటప్పుడు ముందు మీ బ్యాంకుకే వెళ్ళి, కొత్త పద్ధతికి మార్చమని రాతపూర్వకంగా అడగండి. కొద్ది ఫీజుతో పని జరగవచ్చు, దస్తావేజులు గడప దాటవు. మారక తప్పదంటే, కొత్త బ్యాంకును ముఖ్య వివరాల పత్రం అడిగి తీసుకోండి. 2024 అక్టోబరు నుంచి దాన్ని మనకు అర్థమయ్యే భాషలో, ఫీజులన్నీ కలిపిన వడ్డీ లెక్కతో ఇవ్వాలి. పాత బ్యాంకు బాకీ తీరిన ముప్పై రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 పరిహారం కట్టాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమలైన నియమం.

ఇంకో మాట. బ్యాంకు మారేటప్పుడు "పైన మరో మూడు లక్షలు తీసుకోండి" అంటారు. ఇంటి తనఖా మీద తెచ్చిన ఆ డబ్బు కౌలు మిరపకు పెట్టుబడి పెడితే, తెగులొచ్చినా ధర పడినా ఆ దెబ్బ ఇంటికే తగులుతుంది.

నెల జీతం లేని మన రైతు ఇళ్ళలో డబ్బు ఒక్కసారిగా వస్తుంది. పత్తి అమ్మినప్పుడో, గుంటూరు యార్డులో మిర్చి కాటా అయినప్పుడో. పై లెక్కలో అయిదేళ్ళు నిండినప్పుడు ఒక్కసారి యాభై వేలు అసలుకు జమ కట్టి, వాయిదా మార్చకుండా ఉంచితే, పాత వడ్డీ మీదే పది నెలల వాయిదాలు తగ్గిపోతాయి. ఏ బ్యాంకూ మారనక్కరలేదు. మారినా సరే, తగ్గిన వడ్డీతో పాత వాయిదానే కడుతూ పోతే, దాదాపు పదిహేను నెలలు ముందుగా ఇల్లు విడుదలవుతుంది.

కనుక సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. వడ్డీ ఎంత తగ్గింది? ఖర్చు ఎంతయింది? ఆఖరి వాయిదా ఏ నెలలో, ఏ ఏట? మూడో దానికి జవాబు కాగితం మీద చూసేదాకా కలం తియ్యకండి.