జపాన్ నాచు సలాడ్ మన ఇంట్లో: మిర్చి మీద కొట్టే నాచు వేరు, తినే నాచు వేరు

సముద్రపు నాచు అనగానే మన గుంటూరు, ప్రకాశం వైపు రైతుకి గుర్తొచ్చేది ఎరువుల కొట్లో సీసా. మిర్చికి, పత్తికి పూత దశలో నీళ్లలో కలిపి కొడతాం. అదే నాచుని జపాన్‌లో గిన్నెలో వేసుకుని తింటారంటే మా ఊళ్లో పెద్దవాళ్లు నవ్వారు. ఎలా చేయాలో వీడియోలో చూపించాను. అందులో కుదరని వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

వంట కంటే ముందు ఒక మాట. "మా దగ్గర నాచు గుళికలున్నాయి, నానబెట్టి తినొచ్చా?" అని కొందరు అడిగారు. తినకూడదండీ. గుళికల్లో నాచు ఒక్కటే ఉండదు, గుళిక కట్టడానికి వేరే పదార్థాలు కలుపుతారు. ద్రవం కూడా అంతే, కొన్ని రకాలు పొటాష్ క్షారంలో ఉడికించి తీసినవి. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకి తెచ్చింది. ఆ ప్రమాణాలు పైరు కోసం పెట్టినవి, మన కడుపు కోసం కాదు.

పైగా మొక్కే వేరు. మన దేశంలో నాచు ద్రవానికి ఎక్కువగా వాడేది కప్పాఫైకస్ అనే నాచు. తమిళనాడులో రామనాథపురం తీరాన వెదురు తెప్పలకి తాళ్లు కట్టి పెంచుతారు, సుమారు 45 రోజులకి కోత. పెంచేవాళ్లలో మహిళా సంఘాలు చాలా ఉన్నాయి. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దీని సాగు పద్ధతినీ, రసం తీసే పద్ధతినీ మనకి అందించింది. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లో దీన్నీ తింటారు గానీ మన దగ్గర ఇది రసానికి, ఐస్‌క్రీముల్లో వాడే జిగురుకి పోతుంది. ఆ రసంలో మొక్కని ప్రేరేపించే హార్మోన్లుంటాయి, కొంచెం పొటాష్ ఉంటుంది. నత్రజని లెక్కలోకి రానంత తక్కువ. జీవామృతం బాగా వాడే పొలానికి అది తప్పనిసరి కాదని నా అభిప్రాయం. తామర పురుగు చస్తుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

జపాన్ సలాడ్‌కి కావాల్సింది వకామే. చల్లటి నీళ్లలో పెరిగే గోధుమరంగు నాచు, మన దగ్గర పండదు. సూర్యలంక, కొత్తపట్నం ఒడ్డున దొరుకుతుందేమోనని వెతకొద్దు. నాచు పట్టుకుని పెరగడానికి రాయి కావాలి, మన తీరమంతా ఇసుక. విశాఖ రాళ్ల మీద రకరకాల నాచులున్నాయి గానీ, నీళ్లలో ఏ విషం ఉంటే దాన్ని నాచు పీల్చుకుంటుంది. పట్నం మురుగు కలిసే చోట కోసి తినడం మంచిది కాదు. అందుకే ఎండబెట్టి ముక్కలు చేసిన వకామే ప్యాకెట్ కొనడమే దారి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూసి తీసుకోండి.

ఇద్దరికి 5 గ్రాములు చాలు. చూడ్డానికి పిడికెడు కూడా ఉండదు, కానీ నానితే సుమారు పదింతలు అవుతుంది. మా ఇంట్లో మొదటిసారి గిన్నె చూసి అందరూ ఆశ్చర్యపోయారు. చల్లటి నీళ్లలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి, అంతకన్నా ఎక్కువైతే జిగటగా మారుతుంది. తీసి గట్టిగా పిండండి. ఈలోపు ఒక కీరా దోసకాయని పల్చటి చక్రాలుగా తరిగి, చిటికెడు ఉప్పు పట్టించి, పది నిమిషాలాగి అదీ పిండండి. పిండడంలోనే ఉంది అసలు సంగతి. నీరు మిగిలితే పులుసు పల్చబడి రుచి పోతుంది.

పులుపు నీళ్లకి: బియ్యపు వెనిగర్ రెండు చెంచాలు, సోయా సాస్ ఒక చెంచా, బెల్లం పొడి ఒక చెంచా, నువ్వుల నూనె అర చెంచా, తురిమిన అల్లం కొంచెం. వెనిగర్ లేకపోతే నిమ్మరసం సరిపోతుంది. జపాన్ వాళ్లు వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె వాడతారు, మన గానుగ నూనె పచ్చి నువ్వులది. ఆ కమ్మటి వాసన రావాలంటే రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి, సగం దంచి కలపండి. సోయాలో ఉప్పు బాగా ఉంటుంది, వేరే వేయక్కర్లేదు.

హోటల్లో వచ్చే మెరిసే పచ్చ సలాడ్ లాగా ఇది ఉండదు. ఆ ప్యాకెట్లలో చాలావాటికి రంగు వేస్తారు. మనది ముదురు ఆకుపచ్చగా ఉంటుంది.

పైన చల్లడానికి ఎండు మిర్చి ముక్కలు. ఇక్కడ మన వ్యాపారం సంగతి ఒకటుంది. 2006 మే నుంచి జపాన్‌లో, విడిగా పరిమితి పెట్టని పురుగుమందు అవశేషం ఏదైనా ఆహారంలో 0.01 పీపీఎం దాటకూడదు. అంటే వంద టన్నుల మిర్చిలో ఒక్క గ్రాము. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మన చుట్టుపక్కల ఎన్ని మందులు కలిపి కొట్టారో అందరికీ తెలుసు. కషాయాలతో పండించిన మిర్చికి అలాంటి మార్కెట్లో విలువ ఉంటుంది, కానీ నోటిమాట చెల్లదు. పక్క పొలం నుంచి గాలికి వచ్చిన మందు కూడా పరీక్షలో కనిపిస్తుంది. గట్టు మీద కంది, జొన్న అడ్డుగా వేసుకోండి, అమ్మే ముందు ల్యాబ్ రిపోర్టు తీసుకోండి.

ఇక ఆరోగ్యం. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, అయోడిన్ ఉప్పు నుంచి మనకి ఎలాగూ వస్తోంది. నాచులో అది చాలా ఎక్కువ. వకామేలో కొంబు అనే నాచు కన్నా తక్కువే అయినా, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగే తినాలి. మిగతావాళ్లు వారానికి ఒకసారి తింటే చాలు. హిజికి అని నల్లటి నాచు ఒకటి అమ్ముతారు, దాని జోలికి పోవద్దు. ఆర్సెనిక్ ఎక్కువని బ్రిటన్ ఆహార సంస్థ 2004లోనే తినొద్దని చెప్పింది.

ప్యాకెట్ కొనలేకపోతే మన పొలంలో గంగవాయిలి కూర ఉంది కదా, కలుపని పీకేస్తాం. లేత కొమ్మలు వేడినీళ్లలో అర నిమిషం ముంచి తీసి, ఇదే పులుపు నీళ్లలో కలపండి. పుల్లగా, కరకరలాడుతూ ఉంటుంది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఇదే ఎక్కువ నచ్చింది. గడ్డిమందు కొట్టిన చేలో కూర మాత్రం కోయకండి. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు కూడా తగ్గించుకోవాలి.

కలిపిన సలాడ్ ఫ్రిజ్‌లో ఒక్క రోజు ఉంటుంది. ఎండు వకామేకి తేమ తగలకుండా గాజు సీసాలో మూత బిగించి పెట్టండి. నానబెట్టిన నీళ్లు ఉప్పగా ఉంటాయి, నాచు నీళ్లే కదా అని కుండీలో కరివేపాకుకి పోసేయకండి.