ఈ ద్వారబంధం ఏ ఊరిది?

మీ ఫీడ్‌లోనూ కనబడే ఉంటుంది. తెల్లటి గోడ, దాని మీద నల్లబడిన చెక్కడపు పలక, పక్కన ఓ మనీప్లాంట్. చైనాలో పాత ఇళ్ళు కూల్చినప్పుడు ఊడదీసిన కిటికీ జాలీలు, తలుపు పలకలు ఇలా ఎన్నో దేశాల గోడలెక్కాయి. బాగుంటాయి, కాదనను. కానీ కొడవలూరు వాళ్ళం మనం చైనా దాకా పోవాలా? మన దగ్గరా పాత మండువా ఇళ్ళు పడిపోతూనే ఉన్నాయి కదా.

మా నాయనమ్మ ఇల్లు కిందటేడు పడగొట్టారు. పంపకాల్లో స్థలం కోసం అందరూ మాట్లాడారు గానీ, టేకు ద్వారబంధం ఊసే ఎవరూ ఎత్తలేదు. పైకమ్మి మీద గజలక్ష్మి, నిలువు కమ్మీల పొడవునా లత, కింద చెరో చిలక. పాత కలప కొనే ఆయన టేపుతో కొలిచి ఘనపుటడుగుల లెక్కన రేటు చెప్పాడు. చెక్కడానికి సున్నా! పెదనాన్న సరేననబోతుంటే నేను అడ్డం పడ్డా. "నీకంత ఇష్టమైతే ఆయనిచ్చేది నువ్వే ఇచ్చి తీసుకో అబ్బయా" అన్నాడు. మూడు వాటాలకూ డబ్బు కట్టి తెచ్చుకున్నా.

ఇలా అమ్ముడైనవి ఎటు పోతాయో చూడాలంటే తమిళనాడులోని కారైకుడి వెళ్ళాలి. చెట్టినాడు భవనాల తలుపులు, స్తంభాలు అక్కడి పాత సామాన్ల అంగళ్ళలో వరుసగా ఆనించి ఉంటాయి. కళ్ళు తిరిగేంత పనితనం. ఏ ఇంటివో మాత్రం వాటి మీద రాసి ఉండదు. దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ చైనాలోని ఆన్హుయి ప్రాంతంలో ఉంది. అక్కడి హువాంగ్ కుటుంబం వాళ్ళ రెండువందల ఏళ్ళ నాటి ఇల్లు 'యిన్ యూ టాంగ్'ను దూలం దూలం విప్పి, అమెరికాలోని సేలంలో ఓ మ్యూజియం మళ్ళీ నిలబెట్టింది. 2003లో తెరిచారు. ఇంటితో పాటు అందులో బతికినవాళ్ళ కథా వెళ్ళింది.

మన దగ్గర చట్టం కూడా ఒకటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటితే కట్టడం నుంచి విడదీసిన ముక్క కూడా పురావస్తువే. సొంతంగా దేశం దాటించకూడదు. డాలస్‌లో ఉన్న బావకి గృహప్రవేశం గిఫ్ట్‌గా పంపుదామనుకుంటే కుదరదన్నమాట.

ద్వారబంధాన్ని కోసి ముక్కలుగా తగిలించడం నాకు నచ్చదు. ఫ్లాట్‌లో పూజగదికి దాన్నే నిలబెట్టా. వడ్రంగి ముందు ప్రతి కమ్మినీ తట్టి చూశాడు, డొల్ల శబ్దం వస్తే లోపల చెదలున్నట్టే. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకనివ్వలేదు. సముద్రపు గాలికి ఇనుప మేకులు తుప్పు పడతాయని ఇత్తడి స్క్రూలు వేశాం. కార్తీకం వానలకు చెక్క ఉబ్బుతుంది, అందుకే గోడకీ దానికీ మధ్య కాస్త సందు. వార్నిష్ మెరుపు వద్దని అవిసె నూనె పట్టించా. గడప మీద ఏళ్ళనాటి పసుపు మరకల్ని ముట్టుకోలేదు.

పైకమ్మి వెనక, ఎవరికీ కనబడని చోట, నాయనమ్మ పేరు, ఊరు, వీధి పెన్సిల్‌తో రాశా. మీరెక్కడైనా కొంటుంటే బేరమాడే ముందు ఇది ఏ ఊరిదో అడగండి. చెబితే మీరూ వెనక రాసి పెట్టండి.