రాతిపువ్వును మేయు చిమ్మట

మసాలాలో మన తల్లులు వేయు రాతిపువ్వు, నిజమునకు పువ్వు కాదు; శిలీంధ్రమును శైవలమును కలసి బ్రతుకు లైకెను. తమిళులు దీనినే కల్పాసి యందురు. బెరళ్లపైనను పాతగోడలపైనను పెరుగు లైకెనులను మేసి బ్రతుకు చిన్న చిమ్మటలలో సయానా యనునది యొకటి. దక్షిణదేశమునను గలదు. పెక్కింటికి తెల్లని రెక్కలపై ఎఱ్ఱని చారలుండును. దీని గొంగళి తన మేనివెండ్రుకలతోనే పంజరమువంటి గూడల్లుకొని, అందు ప్యూపాగా మాఱును. విడిచిన చర్మమును ఆ గూటి సందులనుండి వెలికి నెట్టివేయును! ఇంతటి శుభ్రత మా వసతిగృహమునను కానము.

పారిస్ నగరమున లక్సెంబర్గు తోటలో లైకెనులుండుటయు, ఊరిలో తక్కినచోట్ల లేకుండుటయు గమనించి, ఇవి గాలిమంచిని తెలుపునని 1866లో నైలాండర్ వ్రాసెను.

ఏటేట ప్రహరీని గీకించి సున్నము వేయించు తలిదండ్రులకు మా మనవి: నీడపట్టున నొక మూల విడువుడు. పిల్లలు పేరడిగినచో ‘పంజరపుగూటి చిమ్మట’ యనుడు. తరగతిలో మేమును అట్లే చెప్పుచున్నాము.