పట్టూ విడుపూ

మా అబ్బాయి కారు కడుతున్నాడు. ఇల్లు కడుతున్నాడంటే ఎవరూ తల తిప్పి చూడరు. మా సర్జాపురలో ఎటు చూసినా కడుతున్న ఇళ్లే. కారు కడుతున్నాడనేసరికి మాత్రం మా వియ్యంకుడుగారు ఫోనులోనే కంగారుపడి, "అదేం పని బావగారూ, ఒకటి కొనుక్కోవచ్చు కదా!" అన్నారు.

కొంటే దొరికే కారు కాదది. నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీల మరమ్మతు షెడ్డు నడిపాను. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదినీ మోసిన అంబాసిడర్ ఒకటి మాకుండేది. 1990లలో ఆ కార్లకు ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, అయిదు గేర్ల బాక్సు వేసి అమ్మారు. 2014లో అంబాసిడర్ల తయారీయే ఆగిపోయింది. మా బండి బాడీని తుప్పు తినేసినా ఇంజను, గేర్‌బాక్సు, వెనక యాక్సిలు గట్టిగానే ఉన్నాయి. ఇనుప గొట్టాలతో కొత్త చట్రం కట్టి, వాటిని అందులో బిగించి, రెండు సీట్లు వేసి, రేసు ట్రాకులో నడుపుకోవాలని వాడి ముచ్చట.

ముందే ఒక మాట చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్టరైన బండిని తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇలా ఇంట్లో కట్టుకున్న కారును రోడ్డు మీద తిప్పడానికి లేదు. అందుకే పాత రిజిస్ట్రేషను రద్దు చేయించాకే మావాడు రెంచి పట్టాడు. లారీ మీద ట్రాకుకు వెళ్లి, లారీ మీదే ఇంటికొచ్చే బండి అది.

చట్రం కుదిరింది. చిక్కంతా గేర్‌బాక్సు కింద పెట్టే గుప్పెడంత మౌంటింగు దగ్గర వచ్చింది. ఇంజను, గేర్‌బాక్సు కలిపి బిగించిన ఒకే ముద్ద. వెనక చక్రాలు తోసే ఇలాంటి బండిలో ఆ ముద్ద మూడు చోట్ల ఆనుతుంది: ఇంజనుకు అటొకటి, ఇటొకటి, గేర్‌బాక్సు తోక కింద ఒకటి. ముక్కాలి పీట అనుకోండి.

ఇంజను కిందివి మెత్తని రబ్బరు మౌంటింగులే. గేరు రాడ్డు వణుకుతోందని మావాడు గేర్‌బాక్సు కింద రబ్బరు తీసేసి, ఇనుప పలకతో నేరుగా చట్రానికి బిగించేశాడు. నేను చూశాను. మాట నోటిదాకా వచ్చింది. 'అడిగితే చెబుదాంలే' అని ఊరుకున్నాను. వాడు అడగలేదు.

ఒక ఆదివారం స్నేహితుడి ఖాళీ స్థలంలో నడిపి చూశాం. నాలుగోసారి మొదటి గేరులో గట్టిగా లాగించేసరికి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు! గేర్‌బాక్సు తోకకున్న అల్యూమినియం చెవి విరిగి, నూనె నేల మీదికి కారుతోంది. తర్వాతి వంతు మా మనవరాలిది. హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఎందుకు విరిగిందో చెబుతాను. ఇంజను ఇరుసును ఒకవైపు తిప్పుతుంటే, ఇంజను ముద్ద రెండోవైపు తిరగబోతుంది. మొదటి గేరులో ఆ బలం మూడు నాలుగు రెట్లవుతుంది. ముందరి రబ్బర్లు మెత్తనివి కనుక ఇంజను ఒరిగింది. వెనక ఇనుము కదలనివ్వలేదు. మధ్యలో నలిగింది గేర్‌బాక్సు తొడుగు. మూడూ గట్టివైనా నడుస్తుంది, మూడూ మెత్తనివైనా నడుస్తుంది. ముందు మెత్తన, వెనక మొండి అయితే మాత్రం చేటు.

తొలినాటి కార్లలో చాలావాటికి ఇంజన్లను నేరుగా చట్రానికే బిగించేవారు. ఎక్కినవాళ్ల ఒళ్లు హూనం. 1931లో అమెరికాలో క్రైస్లర్ వారు తమ ప్లిమత్ కారులో ఇంజనును రబ్బరు మీద తేలేటట్టు కూర్చోబెట్టారు. మరుసటి ఏడాది ఫ్రాన్సులో సిట్రొయెన్ వారు ఆ పద్ధతికి హక్కులు కొనుక్కున్నారు. అయితే రబ్బరు ఒక్కటే చాలదని కూడా తేలింది. 1971లో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల షెవ్రొలే బళ్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. మౌంటింగు రబ్బరు ఊడితే ఇంజను పైకి లేచి, యాక్సిలరేటరు లింకును లాగేస్తోంది! ఇంజను లేవకుండా ఇనుప తాడు కట్టి సరిచేశారు.

అందుకే మౌంటింగు కొనేటప్పుడు మొదటి ప్రశ్న 'ఎంత గట్టిది?' అని కాదు, 'రబ్బరు చిరిగితే ఏమవుతుంది?' అని. రబ్బరు పోయినా లోపలి ఇనుప ముక్కలు ఒకదానికొకటి తగులుకుని నిలిచేదే మంచి మౌంటింగు. మామూలు రబ్బరు వణుకును బాగా మింగుతుంది కాని, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. పాలీయురిథేను నూనెకు ఓర్చుకుంటుంది, కదలిక తక్కువ. కాని వణుకు సీటుదాకా వస్తుంది. ఇనుముది అసలు జాలిలేని పట్టు.

సోమవారం పొద్దున్న నేనే మావాడి దగ్గరికి వెళ్లి, "నాకు తెలిసీ చెప్పలేదురా, తప్పు నాది" అన్నాను. వాడు కాసేపు తల గోక్కుని, "నేనూ అడగలేదు కదా నాన్నా" అన్నాడు.

ఇద్దరం జేసీ రోడ్డంతా తిరిగి తోక తొడుగు సంపాదించాం. మూడు చోట్లా రబ్బరువే వేశాం. వెనకది తగులుకునే రకం. ప్రొపెల్లర్ షాఫ్టు కోణాలు కొలిచాం. క్రాసుల దగ్గర వంపు ఒకటి నుంచి మూడు డిగ్రీల లోపు ఉండాలి, ముందూ వెనకా వంపులు సమానంగా ఉండాలి. నేను దారానికి బోల్టు కట్టి చూస్తే, వాడు ఫోను ఆనించి చూశాడు. వాడి లెక్కే సరైనదని ఒప్పుకున్నాను. బండి బరువు ఆనాకే మౌంటింగు బోల్టులు చివరి బిగింపు బిగించాం. రబ్బరు మీద కూర్చున్న ఇంజనుకు కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు కనుక చట్రానికి మందపాటి ఎర్తు తీగ వేశాం. అది లేకపోతే స్టార్టరు కరెంటు దొరికిన క్లచ్చి తీగ గుండానో మరో దాని గుండానో పోయి దాన్ని కాల్చేస్తుంది.

ఇంతకీ గేరు రాడ్డు వణుకు? రాడ్డు అడుగున బుష్ అరిగిపోయింది. అది మార్చగానే ఆగిపోయింది. మౌంటింగుది ఏ పాపమూ లేదు!

మొన్న మళ్లీ అదే స్థలానికి వెళ్లాం. ముందు నేను కూర్చుని పది చుట్లు తిరిగాను. దిగి, చట్రం కింద దూరి, టార్చి వేసి మౌంటింగు చూసి, అప్పుడు మనవరాలికి హెల్మెట్ అందించాను.