వద్దంటే వడ్డించని ఇల్లు: ఫ్రెంచి ఆతిథ్యంపై అపోహలు – వాస్తవాలు

ఫ్రాన్సులో స్నేహితుల ఇంట్లో దిగి వచ్చినవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘మనుషులు మంచివాళ్లే గానీ అంటీముట్టనట్టు ఉంటారు.’ దాని వెనకే మరికొన్ని వస్తాయి. పిలిచినవాళ్లే పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లిపోతారు, బతిమాలి వడ్డించరు, ఇంగ్లీషు వచ్చినా మాట్లాడరు, శాకాహారికి రొట్టెముక్కే గతి. ఇవేవీ ఉత్త కట్టుకథలు కావు. చూసినదాంట్లో నిజముంది, తీసిన అర్థంలోనే పొరపాటుంది. అతిథి నోరు విప్పకముందే అన్నీ అమర్చిపెట్టడం మన ఇళ్లలో ఆతిథ్యానికి కొలత. ఫ్రెంచి ఇంట్లో కొలత వేరు: ముందే అడగడం, ఒప్పుకోవడం, ఒప్పుకున్నది తు.చ. తప్పకుండా చెయ్యడం. ఈ తేడా పట్టుబడితే మిగతా అపోహల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది. ఉదాహరణకు లియాన్ నగరాన్ని తీసుకుందాం. పారిస్ నుంచి టీజీవీ రైల్లో రెండు గంటల ప్రయాణం. చూడాల్సినవి ఎన్నో ఉన్నా, రోజువారీ బతుకు పర్యాటకుల చుట్టూ తిరగని ఊరు కాబట్టి ఇంటివాళ్లతో కలిసి ఉండే అతిథికి అది తగిన చోటు.

ఒప్పందం ఇంటి గుమ్మం దగ్గర కాదు, నగరపాలక కార్యాలయంలో మొదలవుతుంది. స్నేహితుడు ఒక ఆహ్వాన లేఖ రాసి ఈమెయిల్లో పంపితే వీసాకు చాలునన్నది మనవాళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. చాలదు. మూడు నెలల లోపు బస కోసం ఇంట్లో దించుకునేవారు తమ ఊరి ‘మేరీ’కి, అంటే నగరపాలక కార్యాలయానికి, స్వయంగా వెళ్లి ‘అతెస్తాసియో దాక్యెయ్’ అనే ఆతిథ్య ధ్రువపత్రం తీసుకోవాలి. గుర్తింపు కార్డు, ఇంటి పత్రాలో అద్దె ఒప్పందమో, ఆదాయ రుజువు చూపాలి, రుసుము కట్టాలి. అతిథికి సరిపడా చోటు ఆ ఇంట్లో ఉందో లేదో అధికారులు విచారించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అతిథి తన ఖర్చులు భరించలేని పరిస్థితి వస్తే తాము భరిస్తామని ఇంటివారు సంతకం పెడతారు. ఈ పత్రం ఉన్నవారు చేతిలో రోజుకు 32.50 యూరోల చొప్పున ఉన్నట్టు చూపితే చాలు. హోటల్లో దిగేవారికి అది 65 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా మాత్రం ఎక్కడ దిగినా తప్పదు. ‘ఇంత తతంగం ఎందుకు, వీసా కోసం హోటల్ బుకింగ్ చూపించి తర్వాత రద్దు చేసుకుని స్నేహితుడి ఇంటికి పోతే సరి’ అనే సలహా మన దగ్గర ధారాళంగా దొరుకుతుంది. విమానాశ్రయంలో బస ఎక్కడని అధికారి అడిగితే ఆ సలహా ఇచ్చినవారు పక్కన ఉండరు. పైగా, ఒక పూట సెలవు పెట్టి కార్యాలయం చుట్టూ తిరిగి, మన ఖర్చుకు పూచీపడి సంతకం చేసినవారిని అంటీముట్టనివారు అనడం ఏం న్యాయం?

తర్వాతి ఫిర్యాదు కాలం గురించి. పిలిచారు కదా, దగ్గరుండి ఊరు చూపించరా అన్నది. చట్టప్రకారం ఏటా ఐదు వారాల జీతంతో కూడిన సెలవు 1982 నుంచి ఉన్న దేశం గదా, మనకోసం రెండు రోజులు తీయలేరా అన్న వాదనా వినిపిస్తుంది. నిజానికి ఆ ఐదు వారాల్లో చాలా భాగం నెలల ముందే ఖర్చయిపోయి ఉంటుంది. బడి సెలవులు దేశమంతా ఒకేసారి రావు. శీతాకాలం, వసంతకాలం సెలవులకు దేశాన్ని మూడు మండలాలుగా విడదీశారు, లియాన్ ఎ మండలంలోకి వస్తుంది. పిల్లలున్న కుటుంబం తమ సెలవులను ఆ తేదీల చుట్టూ అల్లుకుంటుంది. ఆగస్టులో అయితే ఊళ్లో ఉంటారన్న నమ్మకమే తక్కువ. డిసెంబరు 8 దగ్గర జరిగే దీపాల పండుగకు, 1852లో మేరీమాత విగ్రహ ప్రతిష్ఠ నాడు కిటికీల్లో దీపాలు వెలిగించిన జ్ఞాపకంగా మొదలైన ఆ వేడుకకు, ఊరు కిక్కిరిసిపోతుంది. అప్పుడు వెళ్లాలనుకుంటే చాలా ముందే అడగాలి. మామూలు రోజుల్లో వాళ్లు పొద్దున్నే ఇంటి తాళంచెవి చేతికిచ్చి, సాయంత్రం ఎన్నింటికి కలుద్దామో చెప్పి వెళ్లిపోతారు. ఆ తాళంచెవిని మనం నిర్లక్ష్యంగా చదువుతాం, వాళ్లు నమ్మకంగా ఇస్తారు.

ముందే ఒప్పుకుని నడుచుకునే ఈ పద్ధతి ఆ ఊరి గోడల్లోనే కనిపిస్తుంది. పాత లియాన్‌లోనూ, పట్టునేతగాళ్లు ఉండిన క్రువా రూస్ కొండమీదా ‘త్రబూల్’ అనే దారులున్నాయి. ఒక వీధి తలుపు తోసి లోపలికి వెళితే ఇళ్ల నడవలు, లోగిళ్లు దాటి అవతలి వీధిలో తేలతాం. పాత లియాన్‌తో సహా ఊరి చారిత్రక భాగం 1998 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది కాబట్టి ఇవి ప్రభుత్వ కట్టడాలని, ఎప్పుడైనా తిరగవచ్చని చాలామంది అనుకుంటారు. అవి జనం కాపురముంటున్న భవనాలు. కొన్నిటిని మాత్రం నివాసులూ నగరపాలక సంస్థా రాసుకున్న ఒప్పందం ప్రకారం పగటిపూట తెరిచి ఉంచుతారు. నిర్వహణలో నగరం సాయం చేస్తుంది, వచ్చినవాళ్లు గొంతు తగ్గించి నడవాలి. మిగతా తలుపులు మూసే ఉంటాయి. మూసి ఉన్నందుకు వాళ్లను పిసినారులనలేం, తెరిచి ఉన్నందుకు అది మన సొత్తూ కాదు.

భోజనం బల్ల దగ్గర అపోహలు మరీ చిక్కగా ఉంటాయి. మన దగ్గర మొదటి ‘వద్దు’ మర్యాద, రెండోది మొహమాటం, మూడోదాన్ని కాస్త నమ్మవచ్చు. వడ్డించేవారికీ తినేవారికీ ఇది తెలుసు కాబట్టి ఆట సాగుతుంది. ఫ్రెంచి ఇంట్లో ‘వద్దు’ అంటే వద్దనే. గిన్నె పక్కవారికి వెళ్లిపోతుంది. మొహమాటానికి వద్దన్న అతిథి ఆకలితో పడుకుని, ఇంటివారు బలవంతం చెయ్యలేదని నొచ్చుకుంటాడు. ఇంటివారు మాత్రం అతని మాటకు విలువిచ్చామనే అనుకుంటారు. వాళ్లు తిండికి ప్రాధాన్యమివ్వరని చెప్పడానికి ఎలాంటి ఆధారమూ లేదు. ఫ్రెంచివారి విందు భోజనాన్ని యునెస్కో 2010లో మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది. వంటకాల్ని కాదు, కలిసి కూర్చుని వరుసక్రమంలో తినే ఆచారాన్ని. ముందు చిరుపానీయం, తర్వాత తొలి వంటకం, ప్రధాన వంటకం, చీజ్, చివర తీపి. ఇంట్లో రోజూ ఇంత ఉండదు, క్రమం మాత్రం ఉంటుంది. మధ్యలో లేచి ఫోన్ మాట్లాడటం, అందరూ కూర్చోకముందే తినడం మొదలుపెట్టడం అందుకే పొసగవు. భోజనవేళలూ అంతే: హోటళ్లలో మధ్యాహ్నం వంట పన్నెండుకు మొదలై రెండుకల్లా ఆగిపోతుంది, మళ్లీ పొయ్యి వెలిగేది రాత్రి ఏడుకే. మూడున్నరకు భోజనం వెతుక్కునేవాడికి బేకరీయే దిక్కు.

శాకాహారి పస్తుండాలన్న భయంలో సగమే నిజం. పంది మాంసం, పేగులు, కాలేయం ఏలే ‘బూషోఁ’ అనే లియాన్ భోజనశాలల్లో ఎంపిక తక్కువే. పిండిముద్దలా అమాయకంగా కనిపించే కెనెల్‌లో సాధారణంగా చేప ఉంటుంది. ఇంట్లో పరిస్థితి వేరు. బడి భోజనశాలల్లో వారానికొకసారి మాంసం, చేప లేని భోజనం పెట్టాలన్న నియమం 2018 చట్టంతో మొదలై 2021లో స్థిరపడింది. ఈ తరం తల్లిదండ్రులకు శాకాహారం వింత కాదు. కాకపోతే అక్కడి శాకాహారి గుడ్డు తింటాడు, కొందరి లెక్కలో చేప కూడా మాంసం కాదు. కోంతే లాంటి సంప్రదాయ చీజ్‌ల తయారీలో పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. కాబట్టి ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే చాలదు. గుడ్డు తింటారా, చేప తింటారా, చీజ్ సంగతేమిటో ప్రయాణానికి ముందే రాసి పంపాలి. ఇబ్బంది పెడుతున్నామేమో అని మనం జంకుతాం గానీ, బల్ల మీద వండినదాన్ని ముట్టకుండా వదిలేస్తేనే వాళ్లకు అసలు ఇబ్బంది.

భాష గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దుకాణంలోకి వెళ్లి ‘బోఁజూర్’ అనకుండా నేరుగా ఇంగ్లీషులో ధర అడిగితే ముఖం మాడ్చుకుంటారన్నది నిజం. కారణం ఇంగ్లీషు కాదు, పలకరింపు లేకపోవడం. ఇంట్లోనూ పొద్దున లేవగానే ప్రతి ఒక్కరినీ విడివిడిగా పలకరించాలి. స్నేహితుడి తల్లిదండ్రులను ఆంటీ, అంకుల్ అంటే వాళ్లు తికమకపడతారు. మొదట మదామ్, మొస్యో. వాళ్లే కోరితే పేరు పెట్టి పిలవడం. పెద్దవాళ్లను పేరుతో పిలవడం మనకు నోరు రాని పని, నిజమే.

ఇంటి ఏర్పాట్ల విషయానికొస్తే, స్నానాలగది నేలకు నీళ్లు పోయే దారి చాలా ఇళ్లలో ఉండదు. తొట్టి బయట చల్లిన నీళ్లు కింది వాటా కప్పులో తేలతాయి. వేడినీళ్లు చాలా ఇళ్లలో ట్యాంకులో ఉన్నంతవరకే, అరగంట స్నానం తర్వాతివారికి చన్నీళ్లు మిగులుస్తుంది. మన వంట రుచి చూపిస్తామంటే సంతోషిస్తారు, కానీ ఎండుమిర్చి తాలింపుకు ముందు కిటికీ తెరవాలి: 2015 నుంచి ప్రతి ఇంట్లో పొగను పసిగట్టే అలారం తప్పనిసరి.

ఫ్రెంచివారంతా ఒకే మూస అన్నట్టు రాస్తున్నారేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అల్జీరియా, వియత్నాం, పుదుచ్చేరి మూలాలున్న కుటుంబాలూ ఫ్రెంచి కుటుంబాలే. వాళ్లలో కొందరి ఇంట్లో మనకన్నా గట్టిగా బతిమాలి పెడతారు. పల్లెకూ నగరానికీ, తరానికీ తరానికీ తేడా ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పింది స్వభావం గురించి కాదు, పద్ధతి గురించి. పద్ధతి ప్రకారం చూపే ప్రేమ ప్రేమేనా అన్న రెండో ఆక్షేపణ ఇంకాస్త గట్టిది. దానికి జవాబుగా మన వైపు చూడాలి. మన అతిమర్యాద భారం చాలాసార్లు ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది, అడగకుండా అమర్చేవారిని ఎవరూ అడగరు గనుక. అక్కడ భోజనమయ్యాక పళ్లేలు తీయబోయిన అతిథిని తీయనిస్తారు. అది అవమానం కాదు, ఇంట్లోవాడిగా లెక్కించడం.

చివరగా కానుకలు. ఇంట్లో చేసినదే గొప్ప కానుక అని అమ్మమ్మలు కట్టిచ్చే మూటలో చాలా భాగం విమానాశ్రయం దాటకూడదు. ఐరోపా సంఘం బయటి నుంచి ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు తేవడం నిషిద్ధం: నెయ్యి సీసా, చికెన్ పచ్చడి ఇందులోకే వస్తాయి. తాజా కరివేపాకు, మామిడిపళ్లకు 2019 డిసెంబరు నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అక్కడే పూలు కొనిద్దామంటే చామంతులు తప్ప ఏవైనా సరే. చామంతులు నవంబరు ఒకటో తేదీ వేళ సమాధుల మీద పెట్టేవి. లియాన్ ఇంటికైతే ధర్మవరం పట్టు కండువాను మించింది లేదు. ధర్మవరం చీరల అంచుల మీద డిజైన్ ఎత్తే జకార్డు యంత్రానికి పేరిచ్చిన జోసెఫ్ మరీ జకార్డు 1752లో పుట్టింది ఆ ఊళ్లోనే. బల్ల దగ్గర మాటలు కరువైతే ఆ కథ ఒక పూట భోజనానికి సరిపోతుంది.