మీకు తెలుసా? బ్యాటరీ శాతం లైనక్స్ లెక్క కాదు!

ఇంకా 30 శాతం ఉందని చూపిస్తూనే ల్యాప్‌టాప్ టక్కున ఆరిపోతే చాలామంది లైనక్స్‌నే తిట్టుకుంటారు. కొందరైతే ఉబుంటు తీసేసి ఫెడోరా వేసుకుంటారు. లాభం ఉండదు. ఆ లెక్క కట్టేది బ్యాటరీ ప్యాక్ లోపలే ఉండే ఓ చిన్న చిప్. అది చెప్పిన అంకెల్ని ఫర్మ్‌వేర్ అందిస్తే లైనక్స్ తెరమీద పెడుతుంది, అంతే.

లోపలికి వచ్చిన కరెంటును కలుపుకుంటూ, బయటికి పోయినదాన్ని తీసేసుకుంటూ ఆ చిప్ లెక్క నడుపుతుంది. ఎక్కినవాళ్లనీ దిగినవాళ్లనీ మాత్రమే లెక్కపెట్టే బస్సు కండక్టర్ లాగన్నమాట. ఒకరిద్దరు తప్పినా బస్సు ఖాళీ అయ్యేదాకా తేడా బయటపడదు. బ్యాటరీ నిండా ఎక్కినప్పుడు, దాదాపు అడుగంటినప్పుడు చిప్ వోల్టేజీ చూసి లెక్క సరిచేసుకుంటుంది. ఎప్పుడూ ఛార్జర్ తగిలించే ఉంచితే అడుగంటే సందర్భమే రాదు.

అసలు అంకెలు మీరే చూడొచ్చు. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, అందులో పవర్ సప్లై తెరిస్తే బ్యాట్ 0 అనో, బ్యాట్ 1 అనో కనిపిస్తుంది. అక్కడ 'ఎనర్జీ ఫుల్ డిజైన్' ఫైల్‌లో 50000000 అని ఉంటే, కొత్తలో 50 వాట్-అవర్లు పట్టేదని అర్థం. 'ఎనర్జీ ఫుల్'లో 36000000 ఉంటే ఇప్పుడు పట్టేది 36. పాత సామర్థ్యంలో 72 శాతమే మిగిలింది. అయినా 36 నిండగానే తెరమీద 100 అనే పడుతుంది! కొన్ని మోడళ్లలో ఎనర్జీ బదులు ఛార్జ్ అని ఉంటుంది.

'ఇంకా 3 గంటలు' అనే అంచనా మరీ నిలకడ లేనిది. మిగిలింది 18 వాట్-అవర్లు, వాడకం 6 వాట్లయితే 3 గంటలు. వీడియో కాల్‌తో వాడకం 18 వాట్లకు ఎగబాకితే గంటే.

ఛార్జింగ్ 80 దగ్గర ఆగిపోతోందా? బ్యాటరీ ఆయుష్షు కోసం పెట్టిన పరిమితి కావచ్చు, సెట్టింగ్స్‌లో చూడండి.

లెక్క సరిచేయాలంటే ఆ పరిమితి తీసేసి 100 దాకా ఎక్కించండి. ఫైళ్లు సేవ్ చేసుకుని, ఛార్జర్ తీసి, ఆరిపోయేదాకా వాడండి. మళ్లీ మధ్యలో ఆపకుండా నింపండి. నెలనెలా మాత్రం వద్దు, పూర్తిగా అడుగంటడం లిథియం బ్యాటరీకి మంచిది కాదు. ఇంత చేసినా 30 దగ్గరే ఆరిపోతుంటే బ్యాటరీ మార్చాల్సిందే. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే ఇవేవీ చేయకండి. ఛార్జర్ తీసేసి, ల్యాప్‌టాప్ ఆపేసి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.